ఓడలో పెరటి వసారా

క్రూయిజ్ టికెట్ కొనేవాళ్లు ఏ ఊళ్లు చూడాలో ఒక పూటలో తేల్చేసుకుంటారు. గది దగ్గరికొచ్చేసరికి వారం రోజులు గింజుకుంటారు. కిటికీ గదా, బాల్కనీ గదా? లోపలి గది అని ఇంకోటుంటుంది గానీ దానికి కిటికీయే ఉండదు, ధరా తక్కువే, కాబట్టి దాని మీద వాదన త్వరగా తెమిలిపోతుంది. పేచీ అంతా ఈ రెంటి మధ్యే.

మా చుట్టాల్లో ఇలాంటి పేచీలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఓడలెక్కుతాడు, వాటి గురించి రాస్తాడు అని పేరు పడ్డాక తప్పదు కదా. ఈ వేసవికి మా అక్కయ్యా బావగారూ సియాటిల్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. అక్కణ్నుంచి అలాస్కా ఓడ ఎక్కించి తీరాలని మేనల్లుడి పట్టు. ఆ ఓడలు దారిలో విక్టోరియాలోనో మరో కెనడా రేవులోనో ఆగుతాయి గనక మన పాస్‌పోర్టు వాళ్లకి కెనడా వీసా కూడా కావాలి. ఆ తతంగం ముగిసింది. ఇక గది మిగిలింది.

"సముద్రం కనబడ్డానికి కిటికీ చాలదుటయ్యా? గాజు వెనకనుంచి చూసినా అవే నీళ్లు కదా" అన్నారు బావగారు. ఆయన ఉద్యోగమంతా పద్దులు తనిఖీ చేయడంలోనే గడిచింది.

అక్కయ్య ఫోను లాక్కుంది. "ఒరేయ్, నాకు నాలుగింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. అక్కడ వంటిల్లుంటుందా, పూజగదుంటుందా? ఈయన ఏడైతే గానీ లేవరు. అంతసేపూ నేనెక్కడ కూచోను?"

ఇద్దరి ప్రశ్నల్లో అక్కయ్యదే అసలు ప్రశ్న. గది ఎంచుకునేటప్పుడు అందరూ ఏం కనబడుతుందని అడుగుతారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కూచుంటారని అడిగేవాళ్లు తక్కువ. నేను మొదట తేల్చుకునేది అదే.

కిటికీ గదిని తీసిపారేయడానికి లేదు. గాజు మందంగా ఉంటుంది, ఎప్పటికీ తెరుచుకోదు. చాలా ఓడల్లో కిటికీ కింద గట్టు వెడల్పుగా ఉంటుంది, దిండు ఆనించుకుని కాళ్లు ముడుచుకుని కూచోవచ్చు. గాజు బయటి వైపున ఉప్పునీటి తుంపర ఎండిపోయి తెల్లటి మరకలు కడుతుంది. సిబ్బంది వాటిని రేవులో ఆగినప్పుడే కడగగలరు. నడిసముద్రంలో మరకల సందుల్లోంచే చూడాలి. గది విస్తీర్ణం మాత్రం బాల్కనీ గదికి ఏమీ తీసిపోదు, ఒక్కోసారి బెత్తెడు ఎక్కువే ఉంటుంది. బాల్కనీకి పోయే చోటు ఇక్కడ లోపలే మిగులుతుంది కదా.

చిక్కల్లా తెరతోనే. జూన్ నెలలో అలాస్కాలోని జునో దగ్గర నాలుగు కొట్టకముందే తెల్లవారుతుంది, రాత్రి పది దాకా పొద్దు గుంకదు. అక్కయ్య లేచి తెర ఒక్క జానెడు జరిపిందంటే ఆ వెలుగంతా బావగారి మొహం మీదే. జరపకపోతే ఆవిడ చీకట్లో గోడకేసి చూస్తూ మూడు గంటలు గడపాలి. కిటికీ గదిలో ఒకరు లేస్తే ఇద్దరూ లేచినట్టే.

బాల్కనీ గదిలో పని ఇంకోలా సాగుతుంది. తెర వెనక్కి దూరి, పిడి తిప్పి, బరువైన తలుపును భుజంతో నెట్టి బయటికెళ్లి మళ్లీ మూసేస్తే, లోపల పడుకున్నవాళ్లకి వెలుగూ తెలియదు, చప్పుడూ తెలియదు. తలుపు తీసి ఉండగా ఎవరైనా నడవా వైపు తలుపు కూడా తీశారా, గాలి ఈలేసుకుంటూ దూసుకొచ్చి తలుపును దభీమని మూసేస్తుంది. వేళ్లు జాగ్రత్త. బయట రెండు కుర్చీలు, కప్పు పెట్టుకోవడానికి పీటంత బల్ల. రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే ఉప్పు తేమకి జిగురుగా తగులుతుంది. పక్క బాల్కనీకీ మనకీ మధ్య పలచటి అడ్డు. అవతలివాళ్లు దగ్గితే వినబడుతుంది, మొహాలు కనబడవు.

మన పాత ఇళ్లలో వీధి అరుగు వేరు, పెరటి వసారా వేరు. అరుగు మీద కూచుంటే దారినపోయే ప్రతివాడూ పలకరిస్తాడు. పెరటి వసారాలో జుట్టు విరబోసుకుని, కాళ్లు చాపుకుని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా కూచోవచ్చు. ఓడ పైడెక్కు అరుగు, బాల్కనీ పెరటి వసారా. ఎక్కువ డబ్బు పెట్టి కొనేది ఆ వసారానే. సముద్రం వీధి అరుగు మీద కూడా దొరుకుతుంది, అదీ ఉచితంగా.

నిజానికి చూడ్డం కోసమే అయితే పైడెక్కే మేలు. గ్లేషియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు క్రూయిజ్ ఓడల్నే రానిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు పడవలో వచ్చి ఓడెక్కి, మైకులో ఆ కొండల సంగతీ మంచు సంగతీ చెబుతుంటారు. మార్జరీ హిమానీనదం నీటిమీదికి సుమారు 250 అడుగుల ఎత్తున గోడలా నిలబడి ఉంటుంది. దాని ముందు ఓడ ఆగి, కుడివైపు వాళ్లకీ ఎడమవైపు వాళ్లకీ కనబడేలా మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ముక్క విరిగి నీళ్లలో పడేటప్పుడు ముందు కంటికి కనబడుతుంది, ఉరుము లాంటి చప్పుడు తరవాత చెవిన పడుతుంది. ఆ చప్పుడు మూసిన గాజులోంచి సరిగా వినబడదు. పైడెక్కు మీదా బాల్కనీలోనూ వినబడుతుంది. అయితే పైకి వెళ్లాలంటే లిఫ్టు దగ్గర నిలబడాలి, చలిలో జనం మధ్య చోటు వెతుక్కోవాలి. అక్కయ్య మోకాళ్లకి అంత ఓపిక లేదు. ఓపికున్నవాళ్లకి కిటికీ గది చాలు, మంచి ఉన్ని కోటు ఉంటే సరి.

ఇక ఊగుడు సంగతి. కెరటాలు తగలని ఎత్తున గానీ బాల్కనీలు కట్టరు. అందుకే చాలా ఓడల్లో అవి పై అంతస్తుల్లో ఉంటాయి, కిటికీ గదులు వాటి కింద, నీటికి దగ్గరగా ఉంటాయి. ఓడ పక్కలకి ఒరిగినప్పుడు ఎత్తుకి పోయినకొద్దీ ఊగుడు ఎక్కువ. ముందుకీ వెనక్కీ ఎగిరిపడేటప్పుడు కొసల్లో ఎక్కువ, నడుమ తక్కువ. కడుపులో తిప్పే జబ్బున్నవాళ్లకి నడిమధ్య, కింది అంతస్తులో కిటికీ గదికి మించింది లేదు. వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు దీవుల చాటున, ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లో నడుస్తాయి గనక అంత ఊగవు. సియాటిల్ ఓడల్లో చాలావాటికి వాంకూవర్ దీవికి పడమటగా, బాహాటమైన పసిఫిక్ మీదుగా దారి. అక్కడ ఒకటి రెండు రాత్రులు మంచం ఊయలవుతుంది. మేనల్లుడికి ఇదే చెప్పాను. బాల్కనీ అయితే అవనీ గానీ, అందుబాటులో ఉన్నవాటిలో కింది అంతస్తుది, నడుమది చూడమన్నాను.

బాల్కనీ మోజు ఓడల చరిత్రలో ఈమధ్యది. 1912లో టైటానిక్ మీద సొంత వరండా ఉన్న గదుల వరసలు రెండే. ఆ వరండాలకీ చుట్టూ కిటికీలే. ఆ కాలంలోనే మన తీరాన్నుంచి రంగూన్‌కి కూలికి పోయినవాళ్లు డెక్కు మీదే చాపలు పరుచుకుని పడుకునేవారు. గది కొనలేనివాడి వాటాకి సముద్రపు గాలి వచ్చేది. ఇప్పుడు ఆ గాలికే ధర కడుతున్నారు. 1984లో డయానా యువరాణి చేతుల మీదుగా నామకరణమైన రాయల్ ప్రిన్సెస్‌లో ప్రయాణికుల గదులన్నీ బయటివైపే కట్టారు, వాటిలో కొన్నిటికి బాల్కనీలు పెట్టారు. దాన్ని చూసి మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడే 2021 నుంచి కార్డీలియా పేరు మీద మన తీరాల్లో తిరుగుతోంది, 2022లో విశాఖకీ వచ్చింది. పాతకాలపు కట్టడం కాబట్టి బాల్కనీ ఉన్న గదులు అందులో బహు తక్కువ. దాంట్లో రెండు రాత్రుల షికారుకి వెళ్లేవాళ్లు కిటికీ గది తీసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. పైగా మన సముద్రాల మీద మిట్టమధ్యాహ్నం బాల్కనీలో కూచోవడం శిక్షే. తలుపు తీసిపెట్టి ఏసీ గాలికీ సముద్రపు గాలికీ పొత్తు కుదురుద్దామనుకుంటే, చాలా కొత్త ఓడల్లో ఏసీ తనంతట తనే ఆగిపోతుంది.

బాల్కనీ దొరికింది కదా అని మనవాళ్లు చేసే మొదటి పని తడిబట్టలు ఆరేయడం. కాసేపటికి సిబ్బంది వచ్చి తలుపు కొడతారు. వాళ్ల పట్టుదల వెనక పెద్ద కథే ఉంది. 2006 మార్చిలో జమైకాకి వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్‌లో తెల్లవారుజామున ఒక బాల్కనీలో నిప్పంటుకుంది. ఎవరో పారేసిన సిగరెట్ పీకే కారణం కావచ్చని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డులు, ప్లాస్టిక్ కుర్చీలు, గాలి తోడు. మంట ఒకదాన్నుంచి ఇంకోదానికి, ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకి పాకింది. పొగకి ఒక ప్రయాణికుడు చనిపోయారు. ఆ తరవాతే బాల్కనీల్లో ఏ సామాను ఉండాలి, నిప్పు పడితే ఎలా తెలియాలి, ఎలా ఆర్పాలి అన్నదానికి 2008 నుంచి అంతర్జాతీయ నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఇప్పుడు చాలా కంపెనీలు బాల్కనీలో సిగరెట్ కాల్చనివ్వవు. తడి తువ్వాలు గాలికి ఎగిరి కింది బాల్కనీలో పడినా, సముద్రంలో పడినా వాళ్లకి తలనొప్పే. పసిపిల్లలున్నవాళ్లకి ఇంకో భయం. రెయిలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తు ఉండాలని 2010 నాటి అమెరికా చట్టం చెబుతుంది. కానీ పక్కనే కుర్చీ ఉంటే నాలుగేళ్ల పిల్లాడికి ఆ ఎత్తు ఒక లెక్క కాదు. ఎక్కే వయసు పిల్లలుంటే నేను కిటికీకే ఓటేస్తాను.

బాల్కనీ విలువ లోకానికి బాగా తెలిసొచ్చింది 2020 ఫిబ్రవరిలో. జపాన్‌లోని యోకోహామా రేవులో కోవిడ్ వల్ల డైమండ్ ప్రిన్సెస్ ఓడని ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. ప్రయాణికుల్ని రెండు వారాలు గదులు దాటనివ్వలేదు. బాల్కనీ ఉన్నవాళ్లు కుర్చీ వేసుకుని గాలి పీల్చుకున్నారు. కిటికీ కూడా లేని గదులవాళ్లని వంతులవారీగా కాసేపు డెక్కు మీద నడిపించి మళ్లీ లోపలికి పంపారు. ఆ ఓడ సిబ్బందిలో 132 మంది భారతీయులు. వాళ్లకి గదుల్లో కూచునే వీలూ లేదు, ఇంటింటికీ అన్నట్టు గది గదికీ భోజనం మోశారు. ఏ ఓడలోనైనా మన బాల్కనీ తుడిచే కుర్రాళ్లలో చాలామంది పడుకునేది కిటికీ లేని ఇరుకు గదుల్లో, ఒకరి మీద ఒకరుగా ఉన్న మంచాల మీద. బాల్కనీకి అదనంగా కట్టే డబ్బు దగ్గర నసిగి, వాళ్లకిచ్చే టిప్పు దగ్గర బేరమాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక బావగారి లెక్కలు. బ్రోచర్లలో బాల్కనీకీ కిటికీకీ ఉన్న తేడా చూసి "ఇంతేనా" అనుకుంటాం. ఆ ధర గదికి కాదు, మనిషికి. గదిలో ఇద్దరుంటారన్న లెక్కతో వేసింది. తేడాని రెండుతో హెచ్చవేసుకోవాలి. ఒంటరిగా వెళ్లేవాళ్ల దగ్గర చాలాచోట్ల ఇంచుమించు ఇద్దరి డబ్బూ గుంజుతారు. చవగ్గా దొరికే కిటికీ గదుల్లో కొన్నిటికి ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతుంటుంది, నారింజరంగు పడవ వీపు తప్ప ఏమీ కనబడదు. ఓడ పటం తెరిచి గది ఏ అంతస్తులో ఉందో, పైనా కిందా ఏమున్నాయో చూసుకోవాలి. ఈత కొలను డెక్కు కిందే గది పడితే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడే మేలుకొలుపు.

బాల్కనీకీ కిటికీకీ మధ్య మార్గాలు కూడా కనిపెట్టారు. 2011లో డిస్నీ డ్రీమ్ లోపలి గదుల్లో గుండ్రటి తెరలు పెట్టి బయటి సముద్రాన్ని కెమెరాతో చూపించారు. 2014లో నావిగేటర్ ఆఫ్ ది సీస్‌లో నేల నుంచి పైకప్పు దాకా ఉండే తెరలు వచ్చాయి. 2018 నాటి సెలెబ్రిటీ ఎడ్జ్‌లో మీట నొక్కితే గాజు సగం కిందికి దిగి గదే బాల్కనీ అవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, తెల్లవారుజామున ఆ మీట నొక్కితే చలిగాలి నేరుగా బావగారి దుప్పట్లోకి దూరుతుంది. అక్కయ్య ప్రశ్నకి అది జవాబు కాదు.

అందుకని అక్కయ్యకి బాల్కనీ అనే తేల్చాను. చలి పది పన్నెండు డిగ్రీల్లో ఉంటుంది, శాలువా రెండు మడతలు వేసుకోమన్నాను. బావగారు ఇంకా ఒప్పుకోలేదు. ఎవరికి కిటికీ గది సరిపోతుందో ఒక్క ముక్కలో చెప్పమన్నారు. చెప్పాను: ఒకే వేళకి పడుకుని, ఒకే వేళకి లేచి, రోజంతా ఒకే గదిలో ఒకరి మీద ఒకరు విసుక్కోకుండా ఉండగల దంపతులకి. ఫోను అవతల అక్కయ్య నవ్వడం వినబడింది. బావగారు డబ్బు కట్టమని కొడుక్కి చెప్పేశారు.