ఎర్రగడ్డ నుంచి ఉల్లిపాయ దాకా

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఇసుకలో వేలితో దిద్దించడం, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెబుతూ తమ చదువునూ గట్టిపరుచుకోవడం ఆయనకు బాగా నచ్చాయి. ఇంగ్లండు ఈ తీరును అనుకరించడం న్యాయమేనని రాశాడు. నిజంగానే అంతకు పాతికేళ్లకు పైగా ముందే ఆండ్రూ బెల్ అనే పాదరీ దీన్ని మద్రాసులో అమలుచేసి, అక్కడికి మోసుకుపోయి, 1797లో పుస్తకంగా వేశాడు. అయితే ఈ పిల్లలు చదువుతున్నదేమిటన్న దగ్గర క్యాంప్‌బెల్ నిరాశపడ్డాడు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో వల్లించే పద్యాల భాష మరొకటి. పిల్లలు చిలకల్లా అప్పజెప్పేవాళ్లు, అర్థం మాత్రం తెలియదు. నేర్పే తీరు మనదే, నేర్పే మాట పరాయిది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మన పిల్లలు చదవలేకపోవడానికి మూలం ఈ తేడాలోనే ఉందని, దానికి సరైన జవాబు రాయలసీమలోనే, మదనపల్లె పక్కన దొరికిందని నా వాదన.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి చుట్టుపక్కల పల్లెల్లో 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చిన్న బడులు నడుపుతూ ఒక పద్ధతిని రూపుదిద్దారు. ఒక గది, ఒక్క అయ్యవారు, అయిదు తరగతుల పిల్లలు. పల్లె బడికి ఇది శాపమని అందరూ అనుకునే చోట వాళ్లు దాన్నే వసతిగా మలచుకున్నారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులు చేశారు. ఏ కార్డు తర్వాత ఏది రావాలో చూపే నిచ్చెన ఒకటి గోడ మీద ఉంటుంది. కార్డు మీది బొమ్మ గుర్తును బట్టి పిల్లవాడే నిచ్చెన మీద తన మెట్టు వెతుక్కుంటాడు, కార్డు తెచ్చుకుంటాడు, కూర్చోవలసిన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకు అయ్యవారు పూర్తిగా దగ్గరుండి చెబుతారు, ఒక గుంపును అప్పుడప్పుడు చూస్తారు, మరో గుంపులో తోటి పిల్లలే చెప్పుకుంటారు, ఇంకో గుంపు సొంతంగా చేసుకుంటుంది. ఒంటరిగా చేయలేనిది తోడుంటే చేయగలిగే ఆ మధ్య జాగాలోనే చదువు జరుగుతుందని రష్యా మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ చెప్పిన మాటకు ఇంతకంటే తేటైన రూపం ఉండదు. చెనక్కాయలు పెరికే రోజుల్లో నెలపాటు బడికి రాని బిడ్డకు ఈ నిచ్చెన చేసే మేలు మరింత పెద్దది. తిరిగొచ్చాక తాను వదిలిన మెట్టు మీదే కాలు పెడుతుంది. తరగతి తనను దాటిపోలేదు.

ఇక ఆ కార్డుల మీద ఏ మాట రాయాలో చూద్దాం. చదవడం రెండు శక్తుల లబ్ధమని గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. అక్షరాన్ని విప్పి పలకడం ఒకటి, విన్న మాట అర్థం కావడం మరొకటి. ఇది కూడిక కాదు, గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. మన లిపిలో మొదటి పని తేలిక కాదు. గుణింతాలు, వత్తులు కలిస్తే గుర్తులు వందల్లోకి పోతాయి. తెలుగుకు తోబుట్టువైన కన్నడ లిపిలో ఈ నేర్పు నాలుగో తరగతి దాకా కూడా సాగుతూనే ఉంటుందని సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అంత పొడవైన దారిలో పిల్లవాడికి అర్థం అనే కూలి రోజూ అందాలి. 'అ' నుంచి వరసగా దిద్దిస్తే ఋషి, ఐరావతం, ఔషధం దాటిగాని తాను సొంతంగా చదవగలిగే ఇంటి మాట ఎదురుపడదు. అదే ల, వ, త, క, ప అనే అయిదు అక్షరాలు ముందు చెబితే తల, వల, కల, పలక, కలప ఆ వారంలోనే చేతికొస్తాయి. మనవైపు కథను పలికే తీరున 'కత' కూడా వస్తుంది. 1995లో రిషివ్యాలీని చూసి వెళ్లిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు మొదలుపెట్టిన 'నలి-కలి' కన్నడ అక్షరాలను ర, గ, స, ద, అ అనే వరసలో నేర్పడానికి కారణం ఇదే. అక్షరమాల వరస వ్యాకరణానికీ నిఘంటువుకూ కావాలి, ఆ వరసను తర్వాత ఒక్క పూటలో పాటలా నేర్పవచ్చు.

ఇంటి మాటతో మొదలుపెడితే బిడ్డ ఇంటి మాట దగ్గరే ఆగిపోదా? తీసిపారేయదగ్గ ప్రశ్న కాదిది. చిత్తూరు పల్లెలో పెరిగిన బిడ్డకు తెలిసింది ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, తెల్లగడ్డ, అలసంద. పుస్తకంలో ఉండేవి ఉల్లిపాయ, బంగాళాదుంప, వెల్లుల్లి, బొబ్బర్లు. కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో, మదనపల్లెలో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. కానీ 'ఎర్రగడ్డ' అని చదవగలిగిన బిడ్డకు ఉల్లిపాయ అంటే తెలిసిన వస్తువుకు మరో పేరు, అంతే. వత్తులున్న గుర్తులను విప్పుతూనే తెలియని పేరునూ మోయమంటే బిడ్డ రెండింటినీ జారవిడుస్తుంది. మొదటి మాటను తప్పని కొట్టేయకుండా దాని పక్కన రెండోదాన్ని రాయడమే అయ్యవారి పని.

మరి కారణం, నిర్ణయం, పరిణామం లాంటి మాటలు ఏ వంటింట్లోనూ వినబడవు, అవెలా వస్తాయి? అవి కూడా చెవి గుండానే రావాలి. దీనికి ఇక్కడే పెద్ద సాక్ష్యం ఉంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ధర్మరాజుల గుళ్లలో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ. బడి మెట్టు ఎక్కనివాళ్లు కూడా అక్కడ గ్రాంథిక వచనాన్నీ పద్యాన్నీ తెల్లవార్లూ కూర్చుని విని పట్టుకుంటారు. కథ తెలుసు, ఎదురుగా ఆట ఉంది, పక్కన వివరించే పెద్దలున్నారు గనుక. క్యాంప్‌బెల్ చూసిన బడిలో లోపం పద్యానిది కాదు, కంఠస్థానిది కూడా కాదు. పద్యం చుట్టూ ఉండాల్సిన కథను బడి వదిలేసింది. అందుకే కార్డులు ఎంత బాగున్నా, రోజూ పిల్లలకు పుస్తకం పైకి చదివి వినిపించి, ఆపి, అడిగి, మాట్లాడించే గంట లేకపోతే నిచ్చెన పైమెట్ల దగ్గర మాటలు కరువవుతాయి.

ఈ నిచ్చెన పద్ధతి మీద బలమైన అభ్యంతరం వేరే ఉంది. కొన్ని పల్లెల్లో పుట్టినది రాష్ట్రమంతా విస్తరిస్తే కార్డు తీయడం, పెట్టడం ఒక తంతుగా మారుతుందని అంటారు. నలి-కలి కర్ణాటకలో పాకింది. తమిళనాడు ఇదే దారిలో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, 2007 నాటికి రాష్ట్రమంతటికీ తీసుకుపోయింది. అంత వేగంలో ఈ ప్రమాదం ఉంది, నేను కాదనను. రిషివ్యాలీ పల్లెల్లో కార్డులు తయారుచేసింది, మార్చింది అక్కడ పాఠం చెప్పేవాళ్లతో కలిసి. రాష్ట్రానికంతటికీ ఒకే అచ్చులో వచ్చే పెట్టెలో పాలసముద్రం బిడ్డ మాటా పలాస బిడ్డ మాటా ఒకటేనన్న భ్రమ దూరుతుంది. నిచ్చెన మెట్ల వరస అందరికీ ఒకటే ఉండవచ్చు, ఆ మెట్టు మీద రాసే మాట మాత్రం ఊరిది కావాలి. కాబట్టి అచ్చువేసే ప్రతి పెట్టెలో, ప్రతి మెట్టుకూ నాలుగైదు ఖాళీ కార్డులు పెట్టి పంపాలి. వాటి మీద మొదటి నెలలో పిల్లలు చెప్పే మాటలను అయ్యవారు తమ చేత్తో రాయాలి.