సరకు ఓడ, జలాంతర్గామి: ‘మిస్టర్ రాబర్ట్స్’ పక్కన ‘ఘాజీ’

థామస్ హెగెన్ నవల ‘మిస్టర్ రాబర్ట్స్’ 1946లో వచ్చింది. సంకల్ప్ రెడ్డి సినిమా ‘ఘాజీ’ 2017లో వచ్చింది. ఒకటి పసిఫిక్‌లో తిరిగే సరకు ఓడ కథ, రెండోది విశాఖ తీరంలో నీటి అడుగున పొంచి ఉన్న జలాంతర్గాముల కథ. కాలం వేరు, దేశం వేరు, ఒకటి చదివేది, ఒకటి చూసేది. అయినా వీటిని పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. రెండింటి వెనుకా నిజంగా జరిగిన నౌకాయుద్ధం ఉంది. రెండూ ఆ నిజాన్ని మార్చుకున్నాయి. ఎవరు ఏం తీసేశారు, ఏం కలిపారు అన్నది చూస్తే ఇద్దరి చూపులోని తేడా బయటపడుతుంది.

హెగెన్ రెండో ప్రపంచ యుద్ధంలో ‘వర్గో’ అనే ఓడలో అధికారిగా పనిచేశాడు. దాని నంబరు ఏకేఏ-20. అమెరికా నావికాదళం ఈ తరగతిని అటాక్ కార్గో షిప్ అనేది. మామూలు సరకు ఓడ రేవుకు వచ్చి, క్రేన్ల కింద నిలబడి, తీరిగ్గా దించుకుంటుంది. దీనికి రేవు ఉండదు. శత్రువు చేతిలో ఉన్న దీవికి ఎదురుగా సముద్రంలోనే ఆగి, ఫిరంగులు, జీపులు, మందుగుండు, తాగునీరు, ఆహారం అన్నీ తన చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు పంపాలి. అందుకే ఎక్కించే పద్ధతి కూడా వేరు. పెళ్లి సామాను ట్రాక్టర్‌కు ఎత్తేటప్పుడు వంటపాత్రలు చివర ఎక్కిస్తారు, దిగీ దిగగానే పొయ్యి వెలిగించాలి కనుక. ఇక్కడా అదే లెక్క: ఏది ముందు ఒడ్డుకు చేరాలో అది అన్నిటికన్నా చివర ఎక్కాలి. ఈ వరుస తప్పితే ఒడ్డున ఉన్న సైనికుడికి తూటాలకు బదులు తార్పాలిన్లు అందుతాయి. ‘వర్గో’ ఈ పని చేస్తూ గ్వామ్ నుంచి ఒకినావా దాకా వెళ్లింది. ఆ యుద్ధ సేవకు ఏడు బ్యాటిల్ స్టార్‌లు అందుకుంది.

హెగెన్ నవలలోని ‘రిలక్టెంట్’ ఓడలో ఇదేదీ కనిపించదు. ఏడు యుద్ధ తారల ఓడలో పనిచేసినవాడు ఒక్క దాడి కూడా చూడని ఓడను సృష్టించాడు. అది యుద్ధరంగానికి బాగా వెనక, పేరు గుర్తుండని దీవుల మధ్య సబ్బులూ టూత్‌పేస్టులూ మోస్తూ తిరుగుతుంటుంది. ఆ రేవులకు విసుగు పేరూ ఉదాసీనత పేరూ పెట్టి వెక్కిరిస్తాడు రచయిత. సరకు బాధ్యత చూసే లెఫ్టినెంట్ రాబర్ట్స్ యుద్ధనౌకకు బదిలీ చేయమని అర్జీ మీద అర్జీ పెడతాడు. కెప్టెన్ ప్రతిసారీ అడ్డం పడతాడు. కెప్టెన్‌కు ప్రాణం తాను కుండీలో పెంచుకునే తాటిజాతి మొక్క. ఐరోపాలో యుద్ధం ముగిసిందన్న వార్త విన్న రాత్రి రాబర్ట్స్ ఆ మొక్కను సముద్రంలోకి విసిరేస్తాడు. నవల మొత్తంలో ‘రిలక్టెంట్’ చూసిన సాహసం అదొక్కటే. చివరికి అతడు కోరుకున్న డిస్ట్రాయర్‌కు చేరతాడు. అక్కడ కాఫీ తాగుతూ కామికాజే (జపాన్ ఆత్మాహుతి విమాన) దాడిలో చనిపోతాడు. ఆ చావును కూడా మనకు చూపించడు హెగెన్. ఉత్తరంలో వార్తగా అందిస్తాడు.

మా కొమరోలు, గిద్దలూరు, రాచర్ల వైపు మిలిటరీకి వెళ్లిన మనుషులున్న ఇళ్లు చాలా. సముద్రం మాకు నల్లమలకు ఎదురు దిక్కున, దూరంగా ఒంగోలు దాటాక ఎక్కడో ఉంటుంది. అయినా హెగెన్ పుస్తకం ఇక్కడి వాళ్లకు అర్థం కావడానికి సముద్రంతో పనిలేదు. సెలవు మీద వచ్చినవాళ్ల మాటల్లో తుపాకీ మోత తక్కువ. దారి మూసుకుపోయి రేషను బండి రాకపోవడం, బదిలీ కాగితం పై ఆఫీసరు బల్ల మీదే ఉండిపోవడం, పండక్కి దొరకని సెలవు, ఇవే ఎక్కువ. యుద్ధంలో చాలామంది చేసే పని మోయడం, కాపలా కాయడం, ఎదురుచూడడం. హెగెన్ పోరాటాన్ని తీసేసింది పాఠకుడి కళ్లు ఆ పని మీద నిలవడం కోసం. నిజాన్ని తగ్గించి నిజానికి దగ్గరయ్యాడు.

‘ఘాజీ’ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. చరిత్రలో జరిగింది ఇది: పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, ఒకప్పుడు అమెరికా వారి ‘డయాబ్లో’, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల చాటుకు వెళ్లిపోయింది. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ రేవు ముందు ఘాజీ పేలి, అందులోని 90 మందికి పైగా నావికులతో మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నావికాదళం చెబుతుంది. తాము పరిచిన మైన్ల మీదికే వెళ్లిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ చెబుతుంది. సినిమా ఈ సందిగ్ధాన్ని పక్కన పెట్టి, ఎస్-21 అనే మన జలాంతర్గామిని తెచ్చి ఘాజీకి ఎదురు నిలిపింది. కల్పన అని ముందే ఒప్పుకుంది కాబట్టి దాన్ని మోసం అనలేం.

కానీ ఆ కల్పన కోసం వదిలేసిన నిజం ఎంత కమ్మనిదో చూడండి. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించడానికి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ వేసిన ఎత్తుల్లో ఒకటి కిరాణా ఎత్తు. కాంట్రాక్టర్ల దగ్గర మాంసం, తాజా కూరగాయలు పెద్ద మొత్తంలో ఆర్డరు చేయించాడు. అంత తిండి అంటే పెద్ద దళమే వచ్చి ఉంటుందని గూఢచారులు లెక్కగట్టాలని ఆయన ఆలోచన. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు బహిరంగ తంతి కూడా పంపించారు. వంకాయల లెక్కతో జలాంతర్గామికి వల పన్నిన ఈ ఘట్టం మన కథకుడెవరికైనా వరం. రెండు గంటల సినిమాలో దీనికి చోటు దొరకలేదు.

సరకు ఓడ మాత్రం ‘ఘాజీ’లో ఉంది. శరణార్థులతో వెళ్తున్న వాణిజ్య నౌకను టార్పెడో కొడుతుంది. అది కొద్ది నిమిషాల్లో మునిగి, తాప్సీ పాత్రనూ ఒక చిన్నపిల్లనూ కథలోకి వదిలి మాయమవుతుంది. ఎవరు నడిపారు, ఏం మోసింది అన్న ప్రశ్నే లేదు. హెగెన్‌కు అదే ఓడ 200 పేజీల లోకం. సినిమాకు అది కథానాయకుడి మంచితనం చూపే సందర్భం. ఇద్దరి మధ్య అసలు దూరం ఇక్కడే తెలుస్తుంది.

కెప్టెన్లను చూసినా అంతే. కేకే మీనన్ పోషించిన రణ్‌విజయ్ సింగ్ పైవాళ్ల ఆదేశాన్ని లెక్కచేయని కోపధారి, అతణ్ని అదుపు చేయడానికే రానా పోషించిన అర్జున్ వర్మను పంపుతారు. కొంతసేపు ఇద్దరి వాదన బాగా నడుస్తుంది. యుద్ధం ఇంకా ప్రకటించకుండానే మనం ముందు కొట్టవచ్చా అన్నది నిజమైన ప్రశ్న. కథ త్వరగానే ఆ ప్రశ్నను వదిలి కోపధారి పక్షం చేరుతుంది. జాతీయగీతం పాడి శత్రువును రెచ్చగొట్టే ఘట్టానికి వచ్చేసరికి హాల్లో ఈలలు తప్ప ఆలోచనకు తావు లేదు.

ఇంత చెప్పాక సినిమాకు దక్కవలసింది దక్కాలి. పాటల్లేవు, హాస్యం ట్రాకు లేదు, కథంతా ఇరుకు గదుల్లోనే. తెలుగులో అప్పటికి అలాంటి ప్రయత్నం లేదు. ఎస్-21 మైను దెబ్బ తిని ముందుకూ వెనక్కూ కదలలేక, పైకీ కిందికీ మాత్రమే కదిలే స్థితిలో పడ్డప్పుడు దర్శకుడి పట్టు కనిపిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం ఊరికే రాలేదు.

హెగెన్ కూడా మచ్చలేనివాడు కాదు. కెప్టెన్ను వట్టి బొమ్మగా గీశాడు. నర్సులు వచ్చే ఘట్టం ఇవాళ చదివితే చిరాకు. ఆ దీవుల్లో పుట్టి పెరిగిన మనుషులు పుస్తకంలో దాదాపు కనిపించరు. నాటకంగా మారి బ్రాడ్‌వే ఎక్కి, 1955లో సినిమాగా వచ్చేసరికి నవ్వు పెరిగింది, చేదు తగ్గింది. హెగెన్ ఆ సినిమా చూడలేదు. 1949లోనే, ముప్పయ్యేళ్ల వయసులో చనిపోయాడు.

రాబర్ట్స్ తరహా కథ మన యుద్ధంలో లేకపోలేదు. అదే 1971 డిసెంబరులో, పాక్ సైన్యం బర్మా వైపు తప్పించుకోకుండా కాక్స్‌బజార్ దగ్గర సైన్యాన్ని దింపాలనుకున్నారు. గూర్ఖా జవాన్లను కలకత్తాలో ‘విశ్వ విజయ్’ అనే వాణిజ్య నౌక ఎక్కించి, నడిసముద్రంలో ఘరియాల్, గుల్దార్ అనే, సైన్యాన్ని ఒడ్డుకు దింపే నౌకల్లోకి మార్చారు. ఒడ్డు అనుకున్నట్టు లేదు. ఓడ ఇసుక తిన్నెకు తగిలి ఆగింది, తిన్నెకూ తీరానికీ మధ్య లోతు నీళ్లు. బరువులతో దూకినవాళ్లలో ఇద్దరు మునిగి చనిపోయారు. మిగతావాళ్లలో చాలామందిని స్థానికుల పడవలు ఒడ్డుకు చేర్చాయి. అక్కడ ఎదిరించే శత్రువే లేడు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటుతో యుద్ధం ముగిసింది. ఈ కథలో గెలుపు కేక లేదు. తొందర, చాలని సమాచారం, తెలియని తీరం, బరువులు మోస్తున్న ఈత రాని మనిషి ఉన్నారు. ‘ఘాజీ’ పద్ధతిలో దీన్ని తీయలేరు, హెగెన్ పద్ధతిలో రాయవచ్చు.

నా తీర్పు దాచుకోను. ‘ఘాజీ’ మంచి సినిమా, ‘మిస్టర్ రాబర్ట్స్’ పెద్ద పుస్తకం. ఒకటి శత్రువు ఎలా మునిగాడో చూపింది, రెండోది మనవాళ్లు ఎలా బతికారో చెప్పింది. ఘరియాల్, గుల్దార్, మగర్ లాంటి ఓడల్లో సరకూ సైన్యమూ మోసిన తెలుగు నావికులు ఈ వ్యాసం చదువుతుంటే, తమ ఓడ ఏం మోసిందో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగిందో రాసి పంపాలి. చిన్న నోటుపుస్తకంలో రాసినా చాలు.