తాళం – తాళంచెవి ఉపమానం పరిధి: సముద్రపు అర్చిన్ల బైండిన్ పరిణామ వ్యాఖ్యానాలపై విమర్శనాత్మక పరిశీలన

సముద్రపు అర్చిన్లలో ఫలదీకరణ శరీరం వెలుపల, నీటిలో జరుగుతుంది. ఆడ జీవులు అండాలను, మగ జీవులు శుక్రకణాలను నీటిలోకి వదిలివేస్తాయి. అక్కడ జతను ఎంచుకునే ప్రవర్తన అంటూ ఏదీ ఉండదు. ఎంపిక జరిగితే అది రెండు కణాల ఉపరితలాల మధ్యనే జరగాలి. 1977లో విక్టర్ వాక్వియర్, గ్యారీ మోయ్ శుక్రకణం నుంచి వేరుచేసిన బైండిన్ అనే ప్రోటీన్ ఈ ఎంపికకు మొదటి రసాయనిక ఆధారం. ఆక్రోసోమ్ చర్య తరువాత శుక్రకణం కొనపై బయటపడే ఈ పదార్థం శుక్రకణాన్ని అండపు వైటలైన్ పొరకు అతికిస్తుంది. అండం వైపు దీనికి ప్రతిగా ఉండే గ్రాహకం జన్యువు స్వరూపాన్ని కమెయి, గ్లేబ్ 2003లో వివరించారు. ఒకటి తెలిసిన పాతికేళ్లకు గాని రెండవది తేలలేదు. తరువాతి వ్యాఖ్యానాలన్నిటి మీదా ఈ ఎడం ప్రభావం ఉంది.

పాఠ్యపుస్తకాలు ఈ సంబంధాన్ని తాళం, తాళంచెవి ఉపమానంతో చెబుతాయి. ఒక జాతి తాళంచెవి మరొక జాతి తాళాన్ని తెరవదు కనుక జాతులు కలిసిపోవు అన్నది దాని సారాంశం. బోధనకు ఇది సులువే. కానీ ఈ ఉపమానం ఒక నిర్ణయాన్ని ముందుగానే తనలో దాచుకొని ఉంది: తాళం ఉన్నది పరాయివారిని ఆపడానికే అని. తెలుగులో వాడే ‘గుర్తింపు’ అన్న మాటకూ ఇదే ఇబ్బంది ఉంది. గుర్తుపట్టేవాడు లేకుండా గుర్తింపు లేదు. ఇక్కడ ఉన్నది అతుక్కోవడం, అందులోని హెచ్చుతగ్గులు మాత్రమే.

ఆ నిర్ణయానికి బలం చేకూర్చినది 1996లో ఎడ్వర్డ్ మెట్జ్, స్టీఫెన్ పలుంబీ ఎకైనోమెట్రా ప్రజాతిపై ప్రచురించిన పరిశోధన. బైండిన్ మధ్యభాగం అన్ని అర్చిన్లలోనూ దాదాపు మారకుండా ఉంటుంది. దానికి ఇరువైపులా ఉన్న భాగాల్లో మాత్రం అమైనో ఆమ్లాన్ని మార్చే ఉత్పరివర్తనలు, మార్చని ఉత్పరివర్తనల కంటే ఎక్కువ రేటుతో స్థిరపడినట్లు వారు చూపారు. తటస్థ మార్పుతో ఇది సాధ్యం కాదు. మార్పునే కోరుకునే ధన వరణం ఉండి తీరాలి. స్ట్రాంగైలోసెంట్రోటస్ ప్రజాతిలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే అర్బేసియాలో గాని, ట్రిప్న్యూస్టెస్‌లో గాని ఈ జాడ కనిపించలేదు. ప్రోటీన్ అదే, పని అదే. ఒక వంశంలో వేగం, మరొక వంశంలో నిలకడ ఎందుకన్నది అసలు ప్రశ్న.

తరచుగా ఇచ్చే సమాధానం భౌగోళికమైనది. దగ్గరి బంధువులైన జాతులు ఒకే తీరంలో కలిసి జీవించే ప్రజాతుల్లో బైండిన్ వేగంగా మారింది. జాతులు వేర్వేరు సముద్రాల్లో ఉన్నచోట మారలేదు. కనుక సంకరాన్ని నివారించడమే ఈ మార్పుకు కారణం అన్నది వాదం. ఇండో-పసిఫిక్‌లోని ఎకైనోమెట్రా ఆబ్లాంగాపై గేయర్, పలుంబీ 2003లో చేసిన పని దీనికి అనుకూలం: దగ్గరి జాతితో కలిసి ఉన్న చోట్ల దాని బైండిన్, విడిగా ఉన్న చోట్ల బైండిన్ కంటే భిన్నంగా ఉంది. కానీ అట్లాంటిక్‌లోని ఎకైనోమెట్రా లూకుంటర్‌ను ఇదే దృష్టితో పరిశీలించిన గేయర్, లెస్సియోస్ 2009లో అటువంటి తేడా లేదని తేల్చారు. ఒక సాక్ష్యాన్ని పట్టుకొని రెండవదాన్ని వదిలివేయడం ఈ రంగపు సమీక్షల్లో అరుదు కాదు.

లూకుంటర్ కథ మరింత లోతైన చిక్కును చూపుతుంది. పనామా భూసంధి సుమారు 30 లక్షల సంవత్సరాల క్రితం రెండు సముద్రాలను వేరుచేసింది. నేడు అట్లాంటిక్ వైపు లూకుంటర్, విరిడిస్. పసిఫిక్ వైపు వాన్‌బ్రుంటి ఉన్నాయి. లూకుంటర్ అండాలు మిగిలిన రెండింటి శుక్రకణాలను చాలావరకు తిరస్కరిస్తాయని లెస్సియోస్, కన్నింగ్‌హామ్ 1990లోనే చూపారు. కానీ లూకుంటర్ శుక్రకణాలు ఆ రెండు జాతుల అండాలను ఫలదీకరించగలవు. అడ్డుగోడ ఒకవైపే ఉంది. పైగా, ఎన్నడూ ఎదురుపడే అవకాశం లేని వాన్‌బ్రుంటి శుక్రకణాలను కూడా లూకుంటర్ అండం నిరాకరిస్తోంది. సంకర నివారణ కోసమే ఈ గుణం ఏర్పడిందంటే, భూసంధికి అవతల ఉన్న జాతి విషయంలో ఆ వివరణ చాలదు.

కనుక చూపు జాతుల మధ్య నుంచి జాతి లోపలికి మళ్లాలి. ఎకైనోమెట్రా మథాయిలో ఒకే జాతికి చెందిన అండాలు కూడా అన్ని శుక్రకణాలను ఒకేలా స్వీకరించవని, తమ బైండిన్ జన్యురూపాన్ని పోలిన మగజీవుల శుక్రకణాలవైపే మొగ్గుతాయని పలుంబీ 1999లో చూపారు. దీని ప్రాముఖ్యం అప్పట్లో తగినంతగా గుర్తించలేదనిపిస్తుంది. 2006లో డాన్ లెవిటాన్, డేవిడ్ ఫెరెల్ ఎర్ర అర్చిన్‌పై చేసిన పరిశీలన దానికి కారణాన్ని అందించింది. శుక్రకణాలు పలుచగా ఉన్న నీటిలో అండానికి ప్రమాదం ఫలదీకరణ జరగకపోవడం. అప్పుడు జనాభాలో సాధారణంగా కనిపించే జన్యురూపాలకు లాభం. జీవులు గుమిగూడి ఉన్నచోట ప్రమాదం తిరగబడుతుంది. ఒకటికి మించిన శుక్రకణాలు ప్రవేశిస్తే పిండం నశిస్తుంది. అక్కడ అరుదైన జన్యురూపాలు మెరుగు. శుక్రకణానికి వేగంగా అతుక్కోవడమే మేలు, అండానికి కొంత ఆలస్యమే మేలు. ఈ లైంగిక సంఘర్షణలో తాళం తన తాళంచెవి నుంచే తప్పించుకుంటూ ఉంటుంది. ఉపమానం విరిగేది ఇక్కడే.

ఎర్ర అర్చిన్లు నూరేళ్లకు పైబడి జీవించగలవు కనుక వయసు తరగతులను పోల్చడం కాలాన్ని పోల్చడమే అవుతుంది. లెవిటాన్ 2012 నాటి అధ్యయనం ఈ అవకాశాన్నే వాడుకొని, సముద్రపు ఓటర్ల వేట వలన అర్చిన్ల సాంద్రత పెరిగిన పరిణామానికీ జన్యురూపాల నిష్పత్తిలో వచ్చిన మార్పుకూ సంబంధం చూపింది. ఉన్ని తోలు వ్యాపారం ఒక ప్రోటీన్ పరిణామాన్ని మలిచిందన్న ఈ సూచన ఆకర్షణీయమైనదే. అయితే గతకాలపు సాంద్రతలు ఇందులో నేరుగా కొలిచినవి కావు, ఊహించినవి. ఈ తేడాను ఉటంకించేవారు పాటించడం అవసరం.

ఇంత చర్చలోనూ కొలత ఎక్కువగా శుక్రకణం వైపే జరిగింది. బైండిన్ జన్యువు చిన్నది, వరుస నిర్ణయించడం తేలిక. అండ గ్రాహకం చాలా పెద్దది, పునరుక్త భాగాలతో నిండినది. సౌలభ్యం ఉన్నచోట సమాచారం పోగుపడింది. సంఘర్షణ సిద్ధాంతం ప్రకారం ముందుగా మారవలసింది అండం. శుక్రకణం దానిని అనుసరిస్తుంది. అనుసరించేదాని అడుగులను మాత్రమే లెక్కపెట్టి నడిపించేదాని దారిని నిర్ణయించడం పద్ధతి రీత్యా బలహీనం. అర్బేసియా బైండిన్ నిలకడగా ఉండడం వెనుక అండ గ్రాహకం కూడా నిలకడగా ఉన్నదా, లేక మార్పు మరొక అణువులోకి జరిగిపోయిందా అన్నది ఈ వైపు కొలతలు జరిగితే తప్ప తేలదు.