పొద్దుకు వీపు పెట్టి

లైట్‌హౌస్ పక్కన సూర్యుడు సముద్రంలో మునిగే ఫొటో కావాలంటే పడమటి తీరానికి వెళ్లాలి. కర్ణాటకలోని కాపు లైట్‌హౌస్ 1901 నుంచి బండ మీద నిలబడి ఉంది. అక్కడ పొద్దు నేరుగా నీళ్లలోకే దిగుతుంది. ఆంధ్ర తీరంలో మనకు సముద్రం తూర్పున ఉంది. పొద్దేమో ఊళ్ల మీదుగా కొండల వెనక్కి వాలిపోతుంది. ఇది లోటని మా ఫొటోగ్రాఫర్లు చాలామంది వాపోతుంటారు. నేనైతే మన అదృష్టమంటాను.

విశాఖ దగ్గరి భీమిలి ఒడ్డున ఉన్న తెల్లటి లైట్‌హౌస్‌నే చూడండి. సాయంత్రపు చివరి ఎండంతా దాని మీదే పడుతుంది. తెల్లగోడ ముందు పచ్చబడుతుంది, తర్వాత నారింజకు తిరుగుతుంది, పొద్దు గుంకేముందు కాసేపు లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆ ఎండ ఏటవాలుగా తగిలేలా కాస్త పక్కకు జరిగి నిలబడితే గోడ గరుకుదనం, ఉప్పుగాలికి పెచ్చులూడిన చోట్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఎదురెండలో తీసిన నల్లటి ఆకారంలో ఇవేవీ ఉండవు.

సూర్యుడు కనుమరుగు కాగానే జనం లేచి దులుపుకుని వెళ్లిపోతారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. సముద్రం మీద, నీళ్ల అంచున, బూడిద కలిసిన నీలిరంగు పట్టీ ఒకటి లేస్తుంది. అది భూమి నీడ. దానిపైన గులాబీ పట్టీ. సూర్యుడికి ఎదురుదిక్కున మాత్రమే కనిపించే ఈ రంగులు మన తీరంలో సముద్రం మీదే పరుచుకుంటాయి. వాటి ముందు తెల్లటి స్తంభం నిలబడి ఉండగా చూస్తే, ఫోన్‌లో అదనంగా నారింజ రంగు పూయాలని ఎవరికీ అనిపించదు.

దీపం వెలిగాక లెక్క మారుతుంది. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ 1957 నాటిది. ఆర్కే బీచ్ నుంచి చూస్తే నైరుతి దిక్కున ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కూడా ఆ వైపుకే జరుగుతాడు కాబట్టి కొండ వెనక ఆకాశం ఎర్రగా మిగులుతుంది. ప్రతి లైట్‌హౌస్ మెరుపుకూ తనదైన లయ ఉంటుంది, నావికులు దాన్నిబట్టే అది ఏ చోటో పోల్చుకుంటారు. మనమూ అదే చెయ్యాలి. మెరుపుకూ మెరుపుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, ఒక చుట్టు పూర్తయ్యేదాకా షట్టర్ తెరిచి ఉంచాలి. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో గట్టిగా దిగాలి. మధ్యమధ్య లెన్స్ మీది ఉప్పుతేమను మెత్తటి గుడ్డతో తుడవాలి, లేదంటే దీపం చుట్టూ మసక వలయం వస్తుంది.

ఆకాశపు వెలుగూ దీపపు వెలుగూ సరితూగే సమయం చాలా తక్కువ. మన ప్రాంతంలో సంధ్య త్వరగా చీకటవుతుంది. డిసెంబర్‌లో విశాఖలో పొద్దు సుమారు ఐదున్నరకే గుంకుతుంది. అయిదుకల్లా చేరుకోండి, ఆరు దాటేదాకా కెమెరా సంచిలో పెట్టకండి.