రెండో పూసలో పనితనం

అమెరికాలో ఓజెంపిక్ పేరు వినని ఇల్లు అరుదు. ఎన్ని కిలోలు తగ్గారన్నదే అందరూ అడిగే మాట. నాకైతే ఆ మందును మలిచిన తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అన్నం తినగానే మన పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతుంది. ఓజెంపిక్ అనుకరించేది దీన్నే. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలిని అణుస్తుంది. కానీ రెండు నిమిషాలకే సగం చెడిపోతుంది. అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన ఆ దండలో రెండోది అలనీన్. సరిగ్గా దాని పక్కనే డీపీపీ-4 అనే ఎంజైమ్ కోసేస్తుంది.

1990ల మొదట్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో డాక్టర్ జాన్ ఎంగ్, హీలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో ఎక్సెండిన్-4ను కనుగొన్నారు. మన హార్మోన్‌కు దగ్గరి పోలికే, కానీ రెండో చోట గ్లైసీన్ ఉంది. ఎంజైమ్‌కు అది లొంగదు. దాని నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికా అనుమతి దొరికింది. రోజుకు రెండు సూదులు.

ఓజెంపిక్‌లోని సెమాగ్లుటైడ్‌ను తయారుచేసిన డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్తలు ఆ రెండో చోట మన ప్రొటీన్లలో లేని ఏఐబీ అనే పూసను గుచ్చారు. ఒక లైసీన్‌కు 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. అది రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది, కాబట్టి వారానికి ఒక్క సూది చాలు. కొవ్వు పొరపాటున ఇంకోచోట అతుక్కోకుండా రెండో లైసీన్‌ను ముందే ఆర్జినీన్‌గా మార్చేశారు. ఎంత ముందుచూపు!

జీఎల్‌పీ-1 పుట్టే జన్యువులోనే దాని తోబుట్టువు జీఎల్‌పీ-2 కూడా ఉంది. పేగు లోపలి పొరను పెంచడం దాని పని. అక్కడా రెండో పూసనే గ్లైసీన్‌గా మార్చి టెడుగ్లుటైడ్ చేశారు. క్రోన్స్ అనే పేగువాపు వ్యాధికి పదేపదే ఆపరేషన్లు జరిగి, పేగు కురచైపోయి, నరం ద్వారా ఆహారం ఎక్కించుకునే వాళ్లకు ఇచ్చేందుకు 2012లో దానికి అమెరికా అనుమతి దొరికింది. ఈ కథలో నా మనసును ఎక్కువగా తాకేది ఇదే.

మరి జీఎల్‌పీ-1 మందులు పేగువాపును తగ్గిస్తాయా? ఎలుకల్లో కొంత తగ్గించాయి. రోగుల రికార్డులు చూసిన కొన్ని అధ్యయనాల్లో ఆసుపత్రి చేరికలు, ఆపరేషన్లు తక్కువగా కనిపించాయి. అయితే బరువు తగ్గడమే మేలు చేసి ఉండొచ్చు, రికార్డులు రుజువు కావు. అందుకే ఎలీ లిల్లీ సంస్థ, పేగువాపు మందు మిరికిజుమాబ్‌తో తన జీఎల్‌పీ-1 తరహా మందు టిర్జెపటైడ్‌ను కలిపి ఇచ్చి పరీక్షిస్తోంది.

ఈ మందులు పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తాయి. వికారం, విరేచనాలు, మలబద్ధకం తెస్తాయి, పేగువాపు వ్యాధి తిరగబెట్టిందని భ్రమ పడేలా చేయగలవు. క్రోన్స్ వల్ల పేగు ఇరుకైనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీ పేగు డాక్టరును అడగకుండా మొదటి సూది వేసుకోకండి.