ముత్తూరు అడవి నుంచి .32 బోరు దాకా

వేటగాడూ రచయితా అయిన కెన్నెత్ ఆండర్సన్ పుట్టింది 1910లో, హైదరాబాదును ఆనుకున్న బొలారంలో. పేరు తెచ్చిపెట్టినవి మాత్రం ధర్మపురి చుట్టుపక్కల అడవులు. పెన్నాగరం, ముత్తూరు, కెంపకరై, హొగెనకల్ దారి ఆయన వేట కథల్లో పదేపదే ఎదురవుతాయి. పూజారి బైర అనే అడవి మనిషి ఆయనకు జాడలు చదవడం నేర్పింది ఇక్కడే. అప్పట్లో ఇదంతా సేలం జిల్లా. ధర్మపురి విడి జిల్లాగా ఏర్పడింది 1965 అక్టోబరు 2న.

ఆండర్సన్ భుజాన ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్ లీవర్ యాక్షన్ రైఫిల్. ఈ వ్యాసకర్తకు లీవర్ తుపాకీ మీద మనసు పడటానికి ఆ కథలే కారణం. పులి మీద కాదు, ఆ పనితనం మీద. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవరులో వేళ్ళు దూర్చి ముందుకు తోస్తే ఖాళీ తొడుగు ఎగిరిపడుతుంది, గుర్రం (హ్యామర్) వెనక్కి వాలుతుంది. వెనక్కి లాగితే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఈలోగా తుపాకీ భుజం మీంచి దిగదు, కన్ను గురి మీంచి తప్పదు.

అయితే .405 పెద్ద జంతువుల తూటా. 1904లో వచ్చింది. 300 గ్రెయిన్ల గుండు, అంటే 19 గ్రాములకు పైనే. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికాకు సింహాల కోసం పట్టుకెళ్ళింది ఈ రకం రైఫిల్‌నే. కాగితం గురిని కొట్టాలనుకునేవాడికి అంత మందుగుండుతో పని లేదు. అదే లీవరు, కానీ లోపల పిస్టల్ తూటా! ఈ వ్యాసకర్త కోరిక అది.

ఈ జోడింపు కొత్తదేమీ కాదు. వించెస్టర్ 1873 మోడల్ .44-40 తూటాతో వచ్చింది. 1878లో కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌నూ అదే తూటాకు తయారుచేసింది. నడుముకున్న తుపాకీకీ, జీనుకు వేలాడే తుపాకీకీ ఒకటే తూటాల పెట్టె. పొడవాటి గొట్టం వల్ల లాభం కూడా ఉంది. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ గుండు రివాల్వర్ నుంచి సెకనుకు దాదాపు 380 మీటర్ల వేగంతో వెళ్తే, రైఫిల్ నుంచి 500 దాటుతుంది.

ధర్మపురిలో ఉండి ఇలాంటి రైఫిల్ కొనగలమా? మన దేశంలో మామూలు లైసెన్సుదారు విదేశీ తుపాకీ తెప్పించుకోలేడు. పేరున్న షూటర్లకే ఆ వెసులుబాటు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .380, .455 రిమ్ తూటాలు, సైన్యం వాడే 9 ఎంఎం తూటా పేల్చగల కార్బైన్ ఆంక్షలున్న జాబితాలోకి వెళ్తుంది. పంట కాపలాకైతే 1959 ఆయుధ చట్టం 13వ సెక్షను నోటి నుంచి మందు కూరే పాత రకం తుపాకీని ప్రత్యేకంగా పేర్కొంది. దుకాణంలో రైఫిల్ అడిగితే చూపించేది ఇషాపూర్ .315. అది బోల్టు రకం. మంచి తుపాకీయే, కానీ దాని తూటా గట్టిది, చప్పుడూ ఎక్కువే.

మిగిలింది .32. కాన్పూరులో తయారయ్యే రివాల్వర్‌లో పడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా నిషిద్ధం కాదు, ఖడ్కీ కర్మాగారంలో తయారైంది. చిన్నదని తీసిపారేయడానికి లేదు. ప్రపంచ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో మేటి గురికాళ్ళు వాడేది ఈ తూటానే. మందు తక్కువ కాబట్టి పొడుగు గొట్టంలో వేగం పెద్దగా పెరగదు. దాని బదులు భుజానికి తన్ను ఉండదు, చెవికి హాయి. ముక్కు చదునుగా ఉన్న సీసపు గుండు వాడితే ఇంకో మేలు కూడా. లీవర్ తుపాకుల్లో గొట్టం కిందుండే మేగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి. మొన తేలిన గుండు ముందున్న తూటా ప్రైమర్‌ను పొడిచి పేల్చేసే ప్రమాదం ఉంది. 1895 మోడల్‌ను రూపొందించిన జాన్ బ్రౌనింగ్ దానికి పెట్టె మేగజైన్ అమర్చింది ఈ బెడద తప్పించడానికే.

ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. ఒకటి .32 రివాల్వర్, రెండోది అదే తూటా తినే లీవర్ రైఫిల్ అయితే ఆ రెండూ సార్థకం. ఆండర్సన్ తిరిగిన ఈ అడవుల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. 2022 నుంచి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్లు కావేరి దక్షిణ అభయారణ్యం. అది అలాగే ఉండాలి. తుపాకీ చోటు షూటింగ్ రేంజి. నలభై ఏళ్ళు దాటిన భుజానికీ, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకూ సరిపడే .32 లీవర్ రైఫిల్‌ను మన కర్మాగారాల్లో ఏదో ఒకటి చేయాలి. గొట్టం, తూటా, రెండిటి తయారీ తెలిసిన పనివాళ్ళు ఇక్కడే ఉన్నారు. మనకు కొత్తగా పట్టుబడాల్సింది లీవరు ఒక్కటే.