ఆ ఉత్తరం విప్పిందెవరు?

మన నవలల్లో ఉత్తరాలకి కాళ్ళుంటాయి. ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతలో, ఎవరి కంటా పడకూడదని దాచిన ఉత్తరం సరిగ్గా భర్తగారు గదిలోకి వచ్చే వేళకి జారి ఆయన కాళ్ళ దగ్గర పడుతుంది. ఆయన విప్పుతాడు, చదువుతాడు, కళ్ళెర్రజేస్తాడు. ఆవిడ ఏడుస్తుంది. ఇరవై వారాల తర్వాత ఆ ఉత్తరం రాసింది ఆవిడ పెత్తల్లి కొడుకని తేలుతుంది. "నన్ను క్షమించు" అంటాడాయన. ఆవిడ చప్పున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది. శుభం!

వారం వారం ఎదురుచూసి ఇలాంటి సీరియళ్ళు చదివాం. ఇష్టంగానే చదివాం, పమిటచెంగుతో కళ్ళొత్తుకున్నాం కూడా. కానీ ఒక్క సంగతి. ఉత్తరంలో ఏముంది, రాసిందెవరు, ఆవిడ మంచిదా చెడ్డదా అని మనల్ని అన్ని వారాలు ఊరించిన రచయితలు, అసలు ఆయన దాన్ని ఎందుకు విప్పాడని మాత్రం అడగరు. ఇవాళ ఉత్తరం పోయి సెల్‌ఫోను వచ్చింది. ఆ అడగని ప్రశ్న మాత్రం కుర్చీ వేసుకుని అక్కడే కూచుంది.

చాటుగా వినడం, తొంగిచూడటం యంత్రాలతో వచ్చిన జబ్బేమీ కాదు లెండి. గురజాడవారి 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లో మంచం కింద అప్పటికే రామప్పపంతులు నక్కి ఉంటాడు. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి గిరీశం కూడా అక్కడికే దూరతాడు. ఆ రోజుల్లో మంచం కిందే ఎక్స్‌టెన్షన్ ఫోనన్నమాట!

1910లో అచ్చయిన 'దిద్దుబాటు' కథలోనూ మంచమే. సానుల పాట కచేరీల మోజులో పడ్డ గోపాలరావు అర్ధరాత్రి ఇంటికొస్తే భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. పుట్టింటికి వెళుతున్నానని రాసి పెట్టింది కమలిని. అది చదివి అతను పడ్డ పశ్చాత్తాపమంతా మంచం కింద నుంచి ఆవిడ వింటూనే ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఉత్తరం అతనికే రాసినది, చదవడంలో దొంగతనం లేదు. చాటుగా విన్నది ఆవిడ. మన ఆధునిక కథ పుట్టిన కొత్తలోనే ఒక ఇల్లాలు దర్జాగా వినే స్థానంలో కూచుంది. తర్వాతి సీరియళ్ళు ఆవిడని లేవదీసి, సంజాయిషీ చెప్పుకునే బోనులో నిలబెట్టాయి.

ఆడదానికి రహస్యమెందుకండీ అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకి ఇన్‌లాండు లెటరు కథ చెప్పాలి. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. కార్డు మీద రాయడమంటే నడివీధిలో మాట్లాడటమే. పోస్టుమాన్ చదవొచ్చు, అరుగు మీద మామగారు చదవొచ్చు, పక్కింటివాళ్ళకి చదివి వినిపించనూవచ్చు. 1950లో ఇన్‌లాండు లెటరు వచ్చింది. నీలం కాగితం, మడతలు, అంచున కాస్త జిగురు. ఆ జిగురు విలువ అత్తవారింట్లో కొత్తగా అడుగుపెట్టిన పిల్లకే తెలుసు. తన పెట్టెకి తాళం లేదు, తన గదికి పగలు గడియ పెట్టే వీల్లేదు. అమ్మకి "నాకిక్కడ బాగాలేదు" అని రాసుకోవడానికి ప్రపంచం మొత్తంలో ఆవిడకి దక్కిన చోటు ఆ మడతల లోపలే.

ఈ సంగతి బాగా పట్టుకున్న రచయిత్రి అబ్బూరి ఛాయాదేవిగారు. ఆవిడ 'సుఖాంతం' కథలో ఉత్తరాలూ లేవు, ఫోన్లూ లేవు. ఒక స్త్రీకి హాయిగా, ఎవరూ లేపకుండా నిద్రపోవాలని కోరిక. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. అంతే కథ. కానీ చదివాక మనసు బరువెక్కుతుంది. నిద్ర కూడా తనది కాని మనిషికి ఉత్తరం తనదవుతుందా?

తర్వాత టెలిఫోను వచ్చింది. ఫోను ఉన్న ఇళ్ళలో అది ఎక్కడుండేదో గుర్తుందా? హాల్లో, అందరి మధ్యా, పైన లేసు గుడ్డ కప్పుకుని కూచునేది. డయలు చిల్లులో చిన్న తాళం కప్ప, ఆ తాళంచెవి నాన్నగారి జేబులో. ఆడపిల్లకి ఫోనొస్తే ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా మాటలాపేసేవారు.

ఈ నేపథ్యంలో చూస్తే యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' అంతమందిని ఎందుకు పట్టేసిందో తెలుస్తుంది. రేవంత్ పేరున్న చదరంగం ఆటగాడు. అతనికి ముక్కూమొహం తెలియని అమ్మాయి ఫోన్లు చేస్తుంది. తన నెంబరు కనుక్కోమని పందెం కడుతుంది. కుర్రకారు రేవంత్ తెలివితేటలకి మురిసిపోయారు. ఆడపిల్లలు ఎందుకు మురిసిపోయారంటే, తాళంచెవి మొదటిసారి నాన్నగారి జేబులో కాక ఆ అమ్మాయి చేతిలో ఉంది! ఎప్పుడు మాట్లాడాలో, ఎంత చెప్పాలో, ఏది దాచాలో ఆవిడ ఇష్టం. అతను ఆవిడ గుట్టు వెతకడం మనకి తప్పుగా తోచదు, వెతకమన్నది ఆవిడే గనక. పిలిస్తే రావడానికీ, గోడ దూకి రావడానికీ ఉన్న తేడా అది. నవల విషాదంగా ముగిసినా ఆ తేడా మాత్రం చెరగలేదు.

అలాగే పొత్తూరి విజయలక్ష్మిగారి 'ప్రేమలేఖ'. 1984లో జంధ్యాలగారు 'శ్రీవారికి ప్రేమలేఖ'గా తెర మీదికి తెచ్చారు. ఊహల్లోని శ్రీవారికి సరదాగా రాసిన ఉత్తరం ఎవరో ముక్కూమొహం తెలియని అబ్బాయికి చేరుతుంది. కడుపుబ్బ నవ్వుతాం. అయితే ఆ నవ్వులో ఒక మర్యాద ఉంది. ఉత్తరం చదివిన అబ్బాయి ఆ అమ్మాయిని నిలదీయడానికి కాదు, ఆరాధించడానికి వెతుకుతాడు.

ఇలాంటివి కొన్నే. మిగతా వాటిలో నాకు కనిపించే లోపం ఏమిటంటే, సాక్ష్యం దొరికితే ప్రేమ నిలబడుతుంది, దొరక్కపోతే కూలుతుంది. ఇది పాత అలవాటే. శకుంతలని గుర్తుపట్టడానికి దుష్యంతుడికి ఉంగరం కావాల్సొచ్చింది, అదీ చేప కడుపులోంచి. సీతమ్మవారు నిప్పుల్లో దూకాల్సొచ్చింది. ఆ నిప్పూ, ఆ ఉంగరమే ఇరవయ్యో శతాబ్దంలో ఉత్తరంగా, టేపుగా, ఫోటోగా మారాయి. ఆఖరి పేజీలో కథానాయిక నిర్దోషి అని రుజువవుతుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. కానీ రుజువు కాకపోతేనో? ఆ ఉత్తరం నిజంగానే పెళ్ళికి ముందు మనసుపడ్డవాడు రాసిందైతేనో? అప్పుడు ఆయన పెట్టె వెతకడం సబబైపోతుందా? నిర్దోషిత్వం మీద కట్టిన కథలు ఆడవాళ్ళకి మేలు చేస్తున్నట్టే ఉండి, సోదా చేసే అధికారాన్ని మాత్రం భద్రంగా భర్త చేతిలోనే ఉంచేశాయి.

ఇది పుస్తకాల గొడవే అయితే ఇంతగా రాసేదాన్ని కాదు. నేనుండే ఇస్మాయిల్‌ఖాన్‌పేట సంగారెడ్డి దగ్గర ఊరు. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకి షిఫ్టులకి వెళ్ళేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది. భర్త రాత్రి డ్యూటీలో, భార్య పగలు డ్యూటీలో ఉండే ఇళ్ళలో మొగుడూపెళ్ళాల కాపురం సగం ఫోన్లోనే నడుస్తుంది. మా దుర్గాభవాని గుడి దగ్గర ఒకసారి ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"డ్యూటీకెల్లి రాంగనే నా ఫోన్ల ఏమున్నదో చూసినంకనే చాయ్ తాగుతడక్కా" అంది చిన్నది.

"ఏం లేదు గదా, చూస్తె చూడనియ్యి" అంది పెద్దావిడ.

"ఏం లేదు. గని అమ్మతోని ఏడ్సుకున్న మాటలు గూడ ఆయన వినాల్నా?"

ఆ పిల్ల చదివిందో లేదో తెలియదు గానీ, మన నవలాకారులు అడగని ప్రశ్న అడిగేసింది.

సెల్‌ఫోను మీద వచ్చిన కథల్లో చెప్పుకోదగ్గది 2022లో తమిళంలో వచ్చి తెలుగులోకి దిగిన 'లవ్ టుడే' సినిమా. పెళ్ళి చేసుకుంటామన్న జంటని, ఒకరి ఫోను ఒకరు ఒకరోజు పెట్టుకోండి చాలంటాడు పిల్ల తండ్రి. ఇంకేముంది, ఇద్దరి బతుకులూ బజారున పడతాయి. ఆ గోలలో నాకు నచ్చింది పక్కకథ. హీరో అక్కకి కాబోయే మొగుడు తన ఫోను ఎవరికీ ఇవ్వడు. అందరూ ఏదో ఉందనుకుంటారు. తీరా చూస్తే అతని ఒళ్ళు చూసి జనం చేసే ఎగతాళి అందులో ఉంది. మనిషి దాచుకునేది తప్పునే కాదు, దెబ్బనీ దాచుకుంటాడు అని చెప్పిన ఘట్టం అది. అయితే అదైనా ఫోను విప్పితేనే తేలింది! అక్కడ కూడా సాక్ష్యం దొరికాకే జాలి కలిగింది.

కథకులు అనని మాట న్యాయమూర్తులు అన్నారు, విచిత్రం చూడండి. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్లో మాట్లాడినదాన్ని ఆవిడకి తెలియకుండా టేపు చేసి విడాకుల కేసులో పెట్టాడొక భర్త. ఆ టేపులు నిజమైనవే అయినా సాక్ష్యంగా చెల్లవనీ, కన్నవాళ్ళతో మాట్లాడే మాటల మీద కూడా నమ్మకం లేకపోతే ఇక పెళ్ళికి అర్థమేముందనీ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2008 నాటి న్యాయ సంపుటాల్లో ఆ తీర్పు ఉంది. 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆంతరంగికత ప్రాథమిక హక్కేనన్నారు. 2025 జూలైలో అదే సుప్రీంకోర్టు, దంపతుల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. అయినా ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ బంధం అప్పటికే విరిగినట్టని కూడా అంది. కోర్టుకి సాక్ష్యం కావాలి, దాని పని అది. కథకి కావాలా?

పాపమంతా మగవాళ్ళదే అనడం లేదు సుమండీ. మొగుడు స్నానానికి వెళ్ళగానే ఫోను తడిమే ఇల్లాళ్ళూ ఉన్నారు. కాలేజీకెళ్ళిన కూతురి డైరీ "పిల్ల బాగు కోసమే" అని తిప్పే తల్లులం మనమే. పిల్లకి ఏ ఆపదా రాకూడదన్న భయం నిజమైనదే. ఆ భయానికీ, ఆ పిల్ల గుట్టుకీ మధ్య నలిగే తల్లి కథ ఎంత గొప్ప కథవుతుంది! దానికి దొంగోత్తరం అక్కర్లేదు, హంతకుడు అక్కర్లేదు. డైరీ చేతిలోకి తీసుకుని, విప్పకుండా బల్ల మీద పెట్టేసి, సాయంత్రం "ఏమ్మా, అలా ఉన్నావేం?" అని అడిగే తల్లి చాలు.

మన రచయితలకి, ముఖ్యంగా మన రచయిత్రులకి నాదొక్క విన్నపం. ఈసారి ఉత్తరం గానీ ఫోను గానీ భర్త చేతికి చిక్కే సన్నివేశం రాస్తే, అందులో ఏముందో మాకు కూడా చెప్పకండి. ఆవిడ సంజాయిషీ ఇవ్వకుండా, ఏడవకుండా, "అది నాది, ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపనివ్వండి. ఆ తర్వాత ఆయన ఏం చేస్తాడన్నది రాయండి. అందుకోసమైతే ఇంకో ఇరవై వారాలు ఎదురుచూడటానికి మేం సిద్ధం.